విన్నవారి మాట, విమర్శకుని తీర్పు: ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్’ బృందగానంపై ఒక పరిశీలన

1. పరిచయం

ఒక కళాకృతి మంచిదా కాదా అని తేల్చే ముందు, దాన్ని విన్నవారికి ఏమైందో తెలుసుకోవాలా? గత భాగాల్లో మీరు రససిద్ధాంతాన్ని, సహృదయుని పాత్రను చదివారు. ఆ చర్చనే ఈ భాగంలో ఒక సమకాలీన పవిత్ర బృందగానానికి అన్వయించి చూద్దాం. ఆ రచన కార్ల్ జెన్‌కిన్స్ స్వరపరచిన ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్’. ‘శాంతి కోసం ఒక మాస్’ అన్నది దాని ఉపశీర్షిక.

మాస్ అంటే క్యాథలిక్కుల దివ్యబలిపూజ. ఆ పూజలో వచ్చే ప్రార్థనలను సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు గొంతుల శ్రేణులు కలిసి పాడేలా కూర్చడం యూరపులో శతాబ్దాల నాటి సంప్రదాయం. మన తెలుగు క్రైస్తవ కీర్తనలు ఎక్కువగా రాగతాళాలతో, సంఘమంతా ఒకే వరుసలో పాడేవి. మాస్‌లో అలా కాదు, ఒకే సమయంలో వేర్వేరు వరుసలు నడుస్తాయి. ఈ తేడాను గుర్తుంచుకొని ముందుకు వెళ్ళండి.

2. రచన నేపథ్యం

జెన్‌కిన్స్ 1944లో వేల్స్‌లో జన్మించాడు. ఈ రచనను ఆయనచేత చేయించింది చర్చి కాదు, ఆయుధాలను భద్రపరిచే బ్రిటన్‌లోని రాయల్ ఆర్మరీస్ అనే మ్యూజియం. పాఠాన్ని ఎంపిక చేసింది అప్పటి ఆ సంస్థ అధిపతి గై విల్సన్. తొలి ప్రదర్శన 2000 ఏప్రిల్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగింది. రచనను కొసావో యుద్ధ బాధితులకు అంకితమిచ్చారు. రికార్డు 2001 సెప్టెంబరు 10న విడుదలైంది. మరునాడే న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. ఆ తర్వాత విన్నవారు దీన్ని పాత యుద్ధాల పాటగా వినలేకపోయారు.

ఆయుధధారిని చూసి జాగ్రత్తపడమనే 15వ శతాబ్దపు ఫ్రెంచి పాట ఒకటుంది. ఆ వరుసను ఆధారం చేసుకొని ద్యుఫే, జోస్కాఁ, పాలెస్త్రీనా మొదలైనవారు రాసిన మాస్‌లు 40కి పైగా మిగిలాయి. జెన్‌కిన్స్ కూడా ఆ పాటతోనే మొదలుపెట్టాడు. ఆయన రచనలో 13 ఖండికలు ఉన్నాయి. లాటిన్ ప్రార్థనల మధ్య అజాన్, బైబిలు కీర్తనలు, కిప్లింగ్ పద్యం, హిరోషిమా బాంబు దాడిని చూసిన జపాన్ కవి తోగే సాంకిచి కవిత, మహాభారతంలోని ఖాండవదహన ఘట్టం వస్తాయి.

ఈ రచనపై అభిప్రాయాలు మొదటినుంచీ రెండుగా చీలాయి. వృత్తి విమర్శకుల్లో పలువురు దీన్ని మరీ సరళమని, భావోద్వేగాన్ని సులభంగా రాబట్టుకుంటుందని అన్నారు. ఔత్సాహిక గాయక బృందాలు, సాధారణ శ్రోతలు మాత్రం అనేక దేశాల్లో దీన్ని అక్కున చేర్చుకున్నారు. నేను చాలాకాలం మొదటి పక్షంలోనే ఉన్నాను. నా అభిప్రాయం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కదిలిందో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

3. సికింద్రాబాద్‌లో నలుగురు శ్రోతలు

సికింద్రాబాద్ దండు నుంచి పుట్టిన ఊరు. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటులో 1813 నాటికే సైన్యం కోసం సెయింట్ జాన్స్ చర్చి లేచింది. ఇక్కడ చర్చి గంట, సైనికుల బ్యూగిల్, మసీదు అజాన్ మూడూ ఒకే ఉదయం వినిపిస్తాయి. అందుకే ఈ రచనను ఇక్కడి ఒక ఆదివారం కాంటాక్టు తరగతిలో వినిపించాను. ముందుగా ఏమీ వివరించలేదు. విన్న తర్వాత నలుగురు అన్నవి మీ ముందుంచుతున్నాను.

ఒకటి. యుద్ధపు ఖండిక కేకలతో ముగిశాక నిశ్శబ్దం వస్తుంది. తర్వాత మృతవీరులకు వందనంగా మోగించే ‘లాస్ట్ పోస్ట్’ వినిపిస్తుంది. అప్పుడు వెనుక వరుసలో ఒక విద్యార్థిని లేచి నిలబడింది. వాళ్ళ నాన్న సుబేదారుగా రిటైరయ్యారట. “అది మోగుతుంటే కూర్చోలేం సార్” అంది. పరేడ్ గ్రౌండ్స్ దగ్గరి సైనిక స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచడం చూసినవారికి ఆ స్వరం పరాయిది కాదు.

రెండు. అజాన్ మొదలవగానే ఒక ముస్లిం విద్యార్థిని దుపట్టా తలమీదికి లాక్కుంది. తర్వాత ఇలా అంది: “అజాన్ పాట కాదు సార్, పిలుపు. పిలిస్తే నమాజుకు వెళ్ళాలి. వీళ్ళు పిలిచి, వెంటనే ఇంకో పాట ఎత్తుకున్నారు.” ఆమె గొంతులో కోపం లేదు. కానీ ఇంతకంటే సూటి విమర్శ నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు.

మూడు. చర్చి గాయకబృందంలో బాస్ పాడే ఒక ఉద్యోగి, “వినడానికి కాదండీ, పాడడానికి రాశాడు ఇది. మాలాంటివాళ్ళం కూడా పాడగలం” అన్నాడు. సరళత లోపమని నేను అనుకున్నాను. ఆయనకు అదే ఆహ్వానంగా వినిపించింది.

నాలుగు. హరికథలు వింటూ పెరిగిన ఒక పెద్దాయన, కాలుతున్న జంతువుల ఖండికకు నేను అర్థం చెప్పగానే అడిగారు: “అయ్యా, ఆ అడవికి కావలి నిలబడి తప్పించుకోకుండా చేసింది మన కృష్ణార్జునులే కదా? వాళ్ళ పేర్లు ఏవీ?”

4. ప్రతిస్పందన నుంచి విలువ నిర్ణయానికి

ఈ నాలుగూ ఒకే రకం మాటలు కావని గమనించండి. మొదటిది శరీరం ఇచ్చిన జవాబు. మూడవది పాడేవాని అనుభవం. రెండవది, నాలుగవది మాత్రం రచనను ప్రశ్నించే జ్ఞానం. ‘శ్రోతలకు నచ్చింది’ అనే ఒక్క మాటలో వీటన్నిటినీ కలిపేస్తే విమర్శ అక్కడే ఆగిపోతుంది.

పెద్దాయన ప్రశ్ననే తీసుకుందాం. నన్నయ ఆదిపర్వం చివర ఖాండవదహనం చదివిన తెలుగు పాఠకునికి, ఆ మంట వెనుక అగ్నికి మాట ఇచ్చిన వీరులున్నారని తెలుసు. ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్’ తీసుకున్న భాగంలో కాలిపోయే ప్రాణులే ఉన్నాయి, కాల్చినవారు లేరు. అందువల్ల మంట ప్రకృతి వైపరీత్యంలా వినిపిస్తుంది. బాధను చూపి బాధ్యతను దాచడం ఈ రచనలోని అసలు లోపం. సరళమైన స్వరాలు కాదు.

ఇంకొక అడుగు వేద్దాం. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో మహాభారతానికి శాంతమే ప్రధానరసమని చెప్పాడు. అయితే భారతంలో శాంతం ఊరికే రాలేదు. స్త్రీపర్వంలో గాంధారి శవాలను ఒక్కొక్కటిగా చూపిస్తూ శ్రీకృష్ణుని నిలదీసి, శపించిన తర్వాత గానీ శాంతిపర్వం మొదలుకాదు. జెన్‌కిన్స్ రచనలో మంటల తర్వాత కొద్దిసేపటికే బెనెడిక్టస్ ఖండికలో చెల్లో స్వరం ఓదార్పుగా వస్తుంది. అది అందంగా ఉంది, నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ నిలదీసే గాంధారి లేకుండా వచ్చిన ఓదార్పు అది.

మరి ఇది విఫల రచనా? కాదు. నా పాత తీర్పును ఇక్కడ సవరించుకుంటున్నాను. సుబేదారు కూతుర్ని నిలబెట్టి, మరొకరి చేత తల కప్పించి, ఒక గాయకునికి ధైర్యమిచ్చి, ఒక వృద్ధునిచేత ప్రశ్న అడిగించిన రచనను తేలికని కొట్టిపారేయలేం. తాను అడగని ప్రశ్నను విన్నవారిచేత అడిగించింది. ఆ ప్రశ్న పూర్తిగా రచన ఘనత కాదు, సగం శ్రోతది. సహృదయుడంటే కరిగిపోయేవాడు మాత్రమే కాదని, తన ఎరుకతో రచనను పూరించేవాడూ ఎదిరించేవాడూ అని నాకు ఆ తరగతిలో తెలిసింది.

5. సారాంశం

శ్రోతల ప్రతిస్పందన విమర్శకు ముడిసరుకు, తీర్పు కాదు. కన్నీళ్ళు వచ్చాయా అన్నది మొదటి ప్రశ్న. ఎందుకు వచ్చాయి, అవి దేన్ని మరిపించాయి అన్నవి తర్వాత అడగవలసినవి. విమర్శకుడు ఈ మూడింటినీ అడగాలి.

6. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అజాన్ గురించి విద్యార్థిని చేసిన వ్యాఖ్య రచనలోని ఏ సమస్యను బయటపెడుతుంది? 10 వాక్యాల్లో రాయండి.
2. మీ ఊరిలో వినిపించే ఏదైనా భక్తి బృందగానాన్ని ముగ్గురికి వినిపించి, వారి మాటలను పై పద్ధతిలో విభజించండి. చివర మీ తీర్పు రాయండి. వారి మాటల వల్ల మీ తీర్పు ఎక్కడ మారిందో దాచకుండా చెప్పండి.