విశ్వప్రమాణం – స్థానికజ్ఞానం: ఇంజనీర్ల నిరంతర వృత్తివికాసంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పట్టా పొందిన తరువాత కూడా ఇంజనీరు తన వృత్తిసామర్థ్యాన్ని నిలుపుకుంటూ పెంచుకోవాలని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. కామారెడ్డి జిల్లా మద్నూర్ ప్రాంతపు నేలను, అక్కడి నిర్మాణ పరిస్థితులను దృష్టాంతాలుగా తీసుకుని ఆ ప్రమాణాల బలాన్ని, అమలులోని లోపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థానికజ్ఞానాన్ని విడిచి శిక్షణ గంటలను మాత్రమే లెక్కించడం ప్రమాణాల ఉద్దేశ్యానికే విరుద్ధమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వృత్తిసామర్థ్యం, నిరంతర వృత్తివికాసం, స్థానికజ్ఞానం, నల్లరేగడి, మద్నూర్.

1. ప్రవేశిక:
మనదేశంలో న్యాయవాదుల చట్టం 1961లో, ఆర్కిటెక్టుల చట్టం 1972లో వచ్చాయి. ఇంజనీరింగ్ వృత్తికి అటువంటి జాతీయ చట్టం కోసం ముసాయిదాలు పలుమార్లు వెలువడినా చట్టం మాత్రం రూపొందలేదు. అయినా అంతర్జాతీయ గుర్తింపు విషయంలో భారతదేశం వెనుకబడిలేదు. ఇంజనీరింగ్ పట్టాల సమానతను గుర్తించే వాషింగ్టన్ ఒప్పందం 1989లో ఏర్పడగా, నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా 2014 జూన్ 13న భారత్ అందులో పూర్తిస్థాయి సభ్యత్వం పొందింది. అయితే ఈ ఒప్పందం పట్టా వరకే పరిమితం. పట్టా తరువాతి ముప్పై, నలభై ఏళ్ల వృత్తిజీవితంలో సామర్థ్యాన్ని ఎవరు, దేనితో కొలవాలన్నదే అసలు ప్రశ్న.

2. ప్రమాణం స్వరూపం:
ఇంటర్నేషనల్ ఇంజనీరింగ్ అలయన్స్ 2021లో సవరించిన ప్రమాణపత్రం ఇంజనీరు వృత్తిసామర్థ్యాన్ని 13 అంశాలుగా విభజించింది. మొదటిది విశ్వజనీన జ్ఞానం, రెండవది స్థానికజ్ఞానం. సమాజరక్షణ, నైతికత, సంభాషణ, నిరంతర వృత్తివికాసం, నిర్ణయాలకు బాధ్యత వంటివి తరువాత వస్తాయి. స్థానికజ్ఞానమంటే ఇంజనీరు తాను పనిచేసే పరిధిలో మంచి పనికి ఆధారమైన సూత్రాలను గ్రహించి అన్వయించడం. గణితం, బలశాస్త్రం ఎక్కడైనా ఒక్కటే. నేల, నీరు, వాతావరణం, నియమావళి ఊరూరికీ మారుతాయి. ఈ భేదాన్ని గుర్తించి రెండింటినీ పక్కపక్కన నిలపడమే ఈ పత్రం విశిష్టత.

3. మద్నూర్ నేల కోరే జ్ఞానం:
మహారాష్ట్ర సరిహద్దున, సంగారెడ్డి నుండి నాందేడ్ వైపు సాగే 161వ జాతీయ రహదారిపై ఉన్న మద్నూర్ ప్రాంతం పత్తి పండే నల్లరేగడి సీమ. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలువారే ఈ నేల పునాదిని కదిలిస్తుంది, గోడలు పగులుతాయి. దీనికి పరిష్కారం విదేశీ పాఠ్యగ్రంథాలతోనే రాలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా వెడల్పుచేసిన పైళ్ల పద్ధతిని అభివృద్ధి చేసింది. అది ఐఎస్ 2911 మూడవ భాగంలో ప్రమాణమైంది. ఉబ్బే నేలల్లో కాలువల లైనింగుకు ఐఎస్ 9451 మార్గదర్శకాలనిస్తుంది. ఈ విధంగా స్థానిక సమస్యపై జరిగిన పరిశోధన జాతీయ ప్రమాణమైంది.

బాన్సువాడ ప్రాంతానికే చెందిన నిజాంసాగర్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివిన నవాబ్ అలీ నవాజ్ జంగ్, మంజీరపై 1923–31 మధ్య సాగిన ఆ ప్రాజెక్టుకు సారథి. పరదేశంలో నేర్చిన శాస్త్రాన్ని ఆయన ఈ నదికీ ఈ నేలకూ అన్వయించారు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకోవడం ఆ అన్వయశక్తికి దక్కిన గౌరవం.

4. గంటల లెక్క – దాని పరిమితి:
వృత్తివికాసాన్ని పలు దేశాల సంస్థలు గంటలలో కొలుస్తాయి. ఇంజనీర్స్ ఆస్ట్రేలియా మూడేళ్లలో 150 గంటలు అడుగుతుంది. లెక్క సులభం, తనిఖీ సులభం. కాని సదస్సులో కూర్చున్న గంటకూ, పునాది గుంతలో మట్టిని పరీక్షించిన గంటకూ విలువ ఒకటి కాదు.

ఒక్క ఉదాహరణ చాలు. కాంక్రీటుకు నీళ్లు పట్టే కాలం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులని ఐఎస్ 456 చెబుతుంది. వేడి, పొడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. మిశ్రమ సిమెంటైతే 14 రోజులకు పొడిగించమని సూచిస్తుంది. ఇళ్లపనిలో విరివిగా వాడేది మిశ్రమ సిమెంటే. ఏడు రోజులతో నీళ్లు ఆపడం అలవాటైన చోట ఆ అలవాటే లోపం. తెలుగు, మరాఠీ, కన్నడం, హిందీ కలిసే సరిహద్దు ప్రాంతంలో ఆ వారం తేడా మేస్త్రీకి అతని భాషలో, కారణంతో సహా చేరాలి. ప్రమాణపత్రంలోని ‘సంభాషణ’ అంశానికి పరీక్ష అక్కడే; ఆంగ్లంలో రాసిన నివేదిక దానికి పూర్తి నిదర్శనం కాజాలదు.

స్థానికజ్ఞానం పేరుతో అలవాటుకే శాస్త్రహోదా ఇచ్చే ప్రమాదం ఉందన్న ఆక్షేపణ సమంజసమే. పై ఉదాహరణ ఆ భేదాన్ని చూపుతుంది: స్థానికతను తెలిసి, పరీక్షించి, నియమంతో సరిచూసినదే జ్ఞానం, సరిచూడనిది అలవాటు.

5. చట్టం లేని బాధ్యత:
2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. జాతీయ డ్యాం భద్రత సంస్థ నియమించిన కమిటీ ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణలలో లోపాలను ఎత్తిచూపింది. ఆ సంస్థకు ఆధారం 2021 నాటి డ్యాం భద్రత చట్టం. అంటే కట్టడం భద్రతకు చట్టం ఉంది. కట్టే ఇంజనీరు సామర్థ్యం కాలక్రమంలో నిలిచి ఉందో లేదో చూసే చట్టం లేదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) నిర్వహించే అంతర్జాతీయ వృత్తి ఇంజనీర్ల నమోదు స్వచ్ఛందం. హైదరాబాదులో 1981 నుండి ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, 1998 నుండి జాతీయ నిర్మాణ అకాడమీ శిక్షణనిస్తున్నాయి. శిక్షణకు వనరులున్నాయి, వృత్తిలో కొనసాగడానికీ నేర్చుకోవడానికీ మధ్య ఉండవలసిన చట్టబద్ధమైన ముడి మాత్రం లేదు.

6. ముగింపు:
అంతర్జాతీయ ప్రమాణాలను పరాయివని తోసిపుచ్చడం సరికాదు. స్థానికజ్ఞానానికి రెండవ స్థానమిచ్చినవి అవే. వాటిని గంటల పట్టికగా కుదించిన అమలుపైనే విమర్శ ఎక్కుపెట్టాలి. చట్టం రూపొందే నాటికి నమోదు పునరుద్ధరణకు గంటలతోపాటు మూడు నిదర్శనాలు కోరడం ఉచితం: తన పరిధిలోని నేలపై చేసిన పరీక్ష, తాను గుర్తించి సరిదిద్దిన ఒక లోపం, పనివారికి వారి భాషలో ఇచ్చిన ఒక శిక్షణ. ఈ మూడూ లేకుండా ఎన్ని గంటలు కూడినా, మద్నూర్ రేగడిలో లేచే గోడ పగులుకు ఆ లెక్క జవాబు చెప్పలేదు.