ఎవరి ప్రయాణికులో వారిదే పూచీ

పదిమందిలో పాము చావదంటారు. ఉమ్మడి ఆస్తిని పట్టి పీడించే జబ్బు అదే. ఆ ఆస్తి ఒక జెట్ విమానమై, దానికి పదహారు మంది వాటాదారులై, ఒకరోజు అది రన్‌వే దాటి దూసుకుపోతే గాయపడ్డవాళ్ళు ఎవరి మీద దావా వేయాలి? ఎవరి ఇన్సూరెన్స్ పరిహారం కట్టాలి? ఈ చిక్కుముడిలో ఏ ప్రయాణానికి ఎవరు బాధ్యులన్న భాగాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నాలుగైదు వాక్యాల్లో విప్పింది. నిబంధనలు రాయడం కూడా ఒక పనితనమేనని నమ్మేవారు ఆ వాక్యాలను ఒకసారి నెమ్మదిగా చదవాలి.

ముందు వ్యాపారం సంగతి. గణితం చదువుకుని, గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేసి వచ్చిన రిచర్డ్ శాంటుల్లి 1984లో ఎగ్జిక్యూటివ్ జెట్ అనే కంపెనీని కొన్నాడు. 1986లో నెట్‌జెట్స్ పేరుతో విమానాల్లో వాటాలు అమ్మడం మొదలుపెట్టాడు. పదహారో వంతు కొంటే ఏడాదికి సుమారు 50 గంటల ప్రయాణం. అందులో అసలు తెలివంతా మార్పిడిలో ఉంది. మీ వాటా ఉన్న విమానం ఆ పూట ఇంకెక్కడో ఉంటే, మరొకరి విమానం మీ దగ్గరికి వస్తుంది. ఇందుకోసం వాటాదారులంతా తమ విమానాలను సిబ్బంది లేకుండా ఒకరికొకరు లీజుకు ఇచ్చుకున్నట్టు ముందే సంతకాలు చేస్తారు. 1998లో వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ హాథవే ఈ కంపెనీని 72.5 కోట్ల డాలర్లకు కొన్నది.

ప్రయాణానికి ఇది ఎంత హాయో, పూచీ తేల్చడానికి అంత కష్టం. ఎక్కిన విమానంలో మీకు ఒక్క బోల్టు కూడా సొంతం కాదు. మీ సొంత విమానంలో ఎవరు తిరుగుతున్నారో మీకు తెలియదు. ఇది పేరు మార్చుకున్న చార్టర్ వ్యాపారమే, కాబట్టి మాకున్న కఠిన నిబంధనలే వాళ్ళకూ పెట్టాలని చార్టర్ కంపెనీలు పట్టుబట్టాయి. కాదు, మేం యజమానులం, మా విమానంలో మేం తిరుగుతున్నామని వాటాదారులు. 1999లో ఎఫ్‌ఏఏ అన్ని పక్షాలతో ఒక కమిటీ వేసింది. 2001లో ముసాయిదా, 2003 సెప్టెంబరులో తుది నిబంధనలు వచ్చాయి. నిబంధనావళిలో 91వ భాగం కింద ‘కె’ ఉపభాగమంటే ఇదే.

అందులో 91.1009 సెక్షన్ చూడండి. ఒక ప్రయాణం మీద ఆపరేషనల్ కంట్రోల్, అంటే ఆ ప్రయాణాన్ని నడిపించే అధికారమూ దాని బాధ్యతా, యజమానిది కావాలంటే మూడు షరతులూ కలవాలి: అతడు ఈ పథకం ఇచ్చే హక్కులు కలిగి, దాని పరిమితులకు లోబడినవాడై ఉండాలి, తాను చెప్పిన మనుషుల్ని గానీ సామాను గానీ తీసుకెళ్ళమని ఆదేశించి ఉండాలి, విమానం ఆ క్షణాన వాళ్ళనే మోస్తూ ఉండాలి. విమానం ఎవరి పేరున రిజిస్టరైందన్న ప్రశ్న ఈ కొలతలో ఎక్కడా లేదు. పూచీ ఆస్తి పత్రాన్ని వదిలేసి ప్రయాణికుల వెంట నడుస్తుంది.

మూడో షరతు పైకి అక్కర్లేనిదిగా కనిపిస్తుంది. ఆదేశించాక మోయక ఏం చేస్తుంది? కానీ మిమ్మల్ని ఎక్కించుకోవడానికి విమానం ఖాళీగా వస్తున్న గంటన్నర సంగతి ఆలోచించండి. ఆదేశం మీదే, ప్రయాణికులు మాత్రం ఇంకా ఎక్కలేదు. ఆ దారిలో ఏదైనా జరిగితే కంట్రోల్ మీది కాదు. రాసినవాళ్ళు ఇంతటితో ఆగలేదు. ఖాళీగా తరలించడం, మరమ్మతు, పైలట్ల శిక్షణ, కొనేవారికి చూపించడం వంటి ప్రయాణాల్లో మీ మనుషులో సామానో లేకపోతే కంట్రోల్ మీది కాదని విడిగా మళ్ళీ చెప్పారు. వాదనకు సందు దొరికే చోటల్లా ముందే మేకు కొట్టారు.

తర్వాతి మెట్టు 91.1011. యజమాని ఈ పనులను పథకాన్ని నడిపే మేనేజర్ కంపెనీకి అప్పగించవచ్చు, వాళ్ళ నైపుణ్యం మీద ఆధారపడవచ్చు. అయితే అప్పగించినంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు. నిబంధనల అమలుకు ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే. ఇంత బరువు నెత్తిన పెట్టినప్పుడు చూసుకునే హక్కు కూడా ఇవ్వాలి కదా? అదీ ఇచ్చారు. భద్రతకు సంబంధించిన రికార్డులను యజమాని తనిఖీ చేసుకోవచ్చని ఒప్పందంలో రాసి తీరాలి. ఇక 91.1013 ప్రకారం, ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే మేనేజర్ ఈ బాధ్యతలన్నీ యజమానికి వివరించాలి. ప్రమాదంలో ఎవరికైనా గాయాలైనా, ఆస్తి పోయినా దావాల బరువు యజమాని మీద పడవచ్చన్న మాట కూడా అందులో ఉండాలి. విన్నానని యజమాని విడిగా సంతకం చేయాలి. అమ్మేవాడి నోటితోనే ప్రమాదం సంగతి చెప్పించడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇది ఎఫ్‌ఏఏ ముందు జవాబుదారీని తేల్చే కొలత. నష్టపరిహారం దావాలో కోర్టు రాష్ట్ర చట్టాలనూ చూస్తుంది. విమానాన్ని తన అదుపులో ఉంచుకోని యజమానికి కొంత రక్షణ ఇచ్చే ఫెడరల్ చట్టం ఉంది. అది నేల మీది బాధితుల దావాలకే వర్తిస్తుంది, విమానంలోని ప్రయాణికులకు కాదని 2011లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు వ్రీలాండ్ కేసులో తేల్చింది. కాబట్టి నిబంధన ఎంత చక్కగా ఉన్నా బీమా పాలసీ కావాల్సిందే.

నలుగురు కలిసి ఒక చిన్న సెస్నా కొనుక్కుంటే ఈ ‘కె’ ఉపభాగం వాళ్ళకు వర్తించదు. ఆ పని వాళ్ళ ఒప్పందమూ పాలసీయే చేయాలి. చిన్న విమానాల పాలసీల్లో తరచూ కనిపించే పరిమితి ఒకటుంది: ప్రమాదానికి మొత్తం 10 లక్షల డాలర్లు, ప్రయాణికుడికి మాత్రం లక్ష. పైఅంకె చూసి ధీమాపడితే, ముగ్గురు ప్రయాణికులు గాయపడిన రోజున వాళ్ళ కోసం వచ్చేది మూడు లక్షలే. ఇన్ని గంటల అనుభవం ఉన్న ఏ పైలటైనా నడపవచ్చనే క్లాజు మరొకటి. అది యజమానికి రక్షణ. అరువు తీసుకుని నడిపినవాడికి ఆ క్లాజు ఒక్కటే రక్షణ ఇవ్వదు. విమానం ఖరీదు యజమానికి చెల్లించాక బీమా కంపెనీ ఆ సొమ్ము కోసం నడిపినవాడి మీదికే రావచ్చు. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి దాని పేరున విమానం కొన్నా, నడిపినవాడి నిర్లక్ష్యానికి అతడి సొంత ఆస్తే హామీ.

అమెరికాలో స్థిరపడి, మిత్రులతో కలిసి విమానంలో వాటా కొనబోతున్న మనవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, డబ్బు కట్టేముందు రెండు కాగితాలు అడగండి. ఏ ప్రయాణానికి ఎవరు పూచీయో రాసిన ఒప్పందం ఒకటి. వాటాదారులందరి పేర్లూ బీమాదారులుగా ఉన్న పాలసీ మరొకటి. అందులో మీ పేరు లేకపోతే సంతకం పెట్టకండి.