పెరటి సామాను గదిలోకి

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక పాత ఇల్లు పడగొట్టబోతున్నారంటే అందరికన్నా ముందు వీధిలోకి వచ్చేది ఆ ఇంటి తోట. గేటు పక్కన నాలుగడుగుల మట్టిలో పెరిగిన గులాబీ అంట్లు, మల్లెతీగ పాకించిన ఇనప జాలీ, కుండీలు పెట్టుకునే మెట్ల స్టాండు, చిల్లిపడ్డ నీళ్ళడబ్బా, కుంటి నిచ్చెన, వెదురు మూఢా. పొద్దున్న రోడ్డు మీద పడ్డ ఇనుము మధ్యాహ్నానికల్లా కబాడీవాలా తూకంలోకి వెళ్ళిపోతుంది. మట్టి కుండీలకు ఆ విలువ కూడా లేదు. ఇటుక ముక్కలతో కలిసి మల్బా, అంటే శిథిలాలు మోసే లారీ ఎక్కుతాయి.

దేశ విభజనలో పశ్చిమ పంజాబు వదిలి వచ్చిన కాందిశీకుల కోసం వెలసిన కాలనీ ఇది. తొలి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ పేరు పెట్టారు. అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనుషులు ఇంటి ముందు జానెడు జాగాలో మళ్ళీ మొక్క నాటుకున్నారు. వాళ్ళ మనవలు ఇప్పుడు ఆ ఇళ్ళను బిల్డర్లకు ఇచ్చి నాలుగంతస్తులు లేపిస్తున్నారు. చాలాచోట్ల కింద కోచింగ్ సెంటరో లైబ్రరీయో, పైన సివిల్స్‌కి చదువుకునే పిల్లల గదులు. ఆ పిల్లల్లో గుంటూరు, వరంగల్, అనంతపురాల నుంచి వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. గోడకి మేకు కొట్టనివ్వరు, రంగు మార్చనివ్వరు. ఒక మంచం, ఒక బల్ల, భారతదేశం మ్యాపు, అంతే గది. కింద వీధిలో పారేస్తున్న సామానుకూ పైన బోసిగా ఉన్న గదికీ మధ్య దూరం మూడంతస్తుల మెట్లు మాత్రమే. ఆ మెట్లు ఎక్కించడం తెలిస్తే చాలని నేను నమ్ముతాను.

ఇలా పాతబడి, పెచ్చులూడి, వెలిసిన వస్తువులతో ఇల్లు తీర్చుకునే పద్ధతిని ప్రపంచమంతా ఇవాళ షాబీ చిక్ అంటోంది. ఇంగ్లండులో పుట్టిన రేచల్ ఆష్‌వెల్ 1989లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆ పేరుతో కొట్టు తెరిచాక ఈ మాట నిలబడింది. వెలిసిన పువ్వుల గుడ్డ, అంచులు అరిగిన తెల్లరంగు బల్ల, తోటలోంచి లోపలికి తెచ్చిన ఇనప కుర్చీ అందులో కనిపించేవి. అయితే ఇప్పుడు కొత్త బల్లను గొలుసుతో కొట్టి, గీతలు పెట్టి, పాతదానిలా చేసి అమ్ముతున్నారు. నాకది నచ్చదు. నిజంగా వానలో తడిసిన వస్తువు వీధిలో దొరుకుతుంటే, దెబ్బలు కొనుక్కోవడం ఎందుకు? ఈ పనిలో మనం చేయాల్సింది ఒక్కటే. వస్తువు ఎక్కడిదాకా అరిగిందో అక్కడ ఆ అరుగుదలను ఆపడం. దాన్ని దాచకూడదు, పెంచకూడదు.

పారేసినవాటిలో అందం చూడటంలో ఉత్తర భారతానికి పెద్ద దిక్కు నేక్‌చంద్. ఆయనా విభజనలో ఊరు వదిలి వచ్చినవాడే. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, కూల్చిన ఇళ్ళ శిథిలాలు మోసుకెళ్ళి ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి బొమ్మలు కట్టాడు. 1976లో అది రాక్ గార్డెన్‌గా జనానికి తెరుచుకుంది. ఆయన శిథిలాలతో తోట కట్టాడు. ఇక్కడ తోట శిథిలమవుతుంటే మనం ఇల్లు సర్దుకుంటున్నాం.

ఇక పనిలోకి వద్దాం. నా బల్ల మీదున్న నీళ్ళడబ్బా ఎదురింటి ఆంటీజీ ఇచ్చింది. ఇక్కడివాళ్ళు దాన్ని హజారా అంటారు. "మా మామగారిది బేటా, అడుగు కారిపోతోంది, నీకేం పనికొస్తుంది?" అని నవ్వుతూనే ఇచ్చింది. జి.ఐ. రేకు, మూతి దగ్గర ఇత్తడి జల్లెడ, పిడి మీద వేళ్ళు పడినచోట నున్నగా మెరుస్తున్న నాలుగు గీతలు. ఇలాంటి రేకు మీద జింక్ పూత ఉంటుంది. బూడిదరంగులో కనిపించే ఆ మచ్చలే దాని అందం. అందుకని మొత్తం డబ్బాకు చింతపండు పట్టించకూడదు, పులుపు జింక్‌ని తినేస్తుంది. సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. పూత పోయి ఎర్రతుప్పు బయటపడ్డ చోట మాత్రమే చింతపండు గుజ్జు పూసి, ఒక గంట ఉంచి, పీచుతో రుద్ది, కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టాలి. తడి మిగిలితే సాయంత్రానికి మళ్ళీ తుప్పు మొదలవుతుంది. ఇత్తడి జల్లెడను తళతళలాడించే పని పెట్టుకోకండి, ఆ నల్లదనం ఏళ్ళ సంపాదన.

డబ్బా ఆరాక నూనె పట్టించాలి. మన ఇళ్ళలో చేయి ముందు ఆముదం సీసా మీదికో కొబ్బరినూనె మీదికో పోతుంది. ఆ రెండూ ఎన్నాళ్ళైనా ఆరవు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటాయి. కావాల్సింది అవిసె నూనె. రంగుల కొట్లో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ అనో అలసీ తేల్ అనో అడిగితే ఇస్తారు. అది గాలి తగిలి గట్టిపడి పలచని పొరగా నిలుస్తుంది. గుడ్డతో పూసి, పది నిమిషాల తర్వాత మిగిలిందంతా తుడిచి, రెండు రోజులు వదిలేయాలి. ఆ గుడ్డతో మాత్రం జాగ్రత్త. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచిపెట్టండి. కాగితాలు నిండిన ఇరుకు గదుల్లో ఇది మరచిపోకూడని మాట.

మట్టి కుండీది వేరే సంగతి. దాని ఒంటి మీద తెల్లటి చారలు ఉంటాయి. నీళ్ళలోని, ఎరువులోని లవణాలు మట్టి రంధ్రాల్లోంచి బయటికొచ్చి ఆరిన గుర్తులవి. వాటి మీదే రంగు వేస్తే నెల తిరక్కుండా పొరలు లేస్తుంది. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, కొబ్బరిపీచుతో తోమి, వారం రోజులు ఆరనివ్వాలి. ఆ తర్వాత సున్నం. మన ఊళ్ళో సంక్రాంతికి గోడలకు కొట్టే సున్నమే, మజ్జిగంత పలచగా కలిపి వడగట్టుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకోండి, కళ్ళలో పడనివ్వకండి. కుండీని ముందు తడిపి మరీ పూయాలి, పొడి మట్టి తేమను ఒక్కసారిగా పీల్చేస్తే సున్నం పొడిపొడిగా రాలుతుంది. కాస్త ఆరగానే తడిగుడ్డతో అంచునూ ఉబ్బెత్తు గీతలనూ తుడిస్తే అక్కడ ఎర్రమట్టి తేలుతుంది, పల్లాల్లో తెలుపు నిలుస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఆ సున్నం రోజురోజుకీ రాయిలా బిగుసుకుంటుంది. అలాంటి కుండీని బోర్లిస్తే అడుగున నీళ్ళు పోయే కంత పైకొస్తుంది. దాంట్లోంచి వైరు తీసి ఒక చిన్న ఎల్.ఈ.డి. బల్బు పెడితే చదువుకునే బల్లకు దీపం తయారు.

చెక్క సామాను తెచ్చేముందు మేకుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెద తిన్నదే, గడప దాటించొద్దు. గట్టిగా ఉంటే పొట్టి నిచ్చెన గోడకి ఆనించి పుస్తకాలూ తువ్వాళ్ళూ పెట్టుకోవచ్చు, మేకు అక్కర్లేదు. రంగు వేయక తప్పదనుకుంటే, దాని కింద దాగిపోయే అరుగుదలను మళ్ళీ పైకి తేవడానికి కొవ్వొత్తి పద్ధతి మేలు. మొదటి పూత ఆరాక చేతులు తగిలే అంచుల మీద కొవ్వొత్తి రుద్ది, రెండో పూత వేయాలి. అది ఆరాక రేగ్మాల్ (గరుకు కాగితం) ఆడిస్తే మైనం ఉన్నచోట పైరంగు తేలిగ్గా ఊడుతుంది. ఎక్కడ అరగాలో అక్కడే అరగదీయండి. నిచ్చెన మెట్టు నడిమధ్య అరుగుతుంది, పక్కకమ్ముల కింది చివర అరుగుతుంది. మిగతాచోట్ల గీస్తే చూసేవాళ్ళకు అబద్ధం తెలిసిపోతుంది.

మన పల్లెల్లో ఇంతకన్నా గొప్ప సరుకు ఉంది. బోర్లు వచ్చాక మూలపడ్డ నూతి గిలకలు, దూలానికి వేలాడిన కావిడి బద్దలు, గాబు పక్కన తుప్పుపట్టిన బొక్కెనలు. టేకు గిలకకు తాడు రాసుకుని పడ్డ గాడి ఉంటుంది చూడండి, ఏ వడ్రంగీ అంత నునుపు తేలేడు. సెలవులకు ఇంటికెళ్ళినవాళ్ళు ఆవకాయ జాడీతో పాటు ఒక గిలక తెచ్చుకుంటే పెట్టెలో పట్టేస్తుంది. హైదరాబాదు వాళ్ళకు ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజార్ ఉండనే ఉన్నాయి.

పాత రంగుతో మాత్రం మొండి ధైర్యం వద్దు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన ఆకుపచ్చ జాలీ, పసుప్పచ్చ స్టాండు పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చిన్నపిల్లలకు మరీ హాని. మాస్కు పెట్టుకుని, డాబా మీద, నీళ్ళు చల్లుతూ రుద్దాలి. ఊడిన పెచ్చుల వరకు తీసి పైన వార్నిష్ పూత వేయడం మేలు. పసిపిల్లలున్న ఇంట్లోకి అసలు తేవద్దు. పురుగుమందు కొట్టిన డబ్బా ఎంత అందంగా ఉన్నా కబాడీకే. నీళ్ళు నిలిచిన పాత్రలు లోపలికి తెచ్చేముందు గోడలు గట్టిగా తోమాలి, డెంగీ దోమ గుడ్లు ఎండిన పాత్రకు అతుక్కుని నెలల తరబడి బతుకుతాయి.

ఇలాంటి వస్తువులు గదికి ఒకటి, మహా అయితే రెండు. తెల్లగోడ ముందు ఒంటరిగా నిలబడితే ఆ నీళ్ళడబ్బా ముఖం కనిపిస్తుంది, అయిదు చేరాయంటే గది కబాడీ దుకాణమే. సామాను కావాలనుకున్నవాళ్ళు ఇల్లు కూల్చే కాంట్రాక్టరు వచ్చేదాకా ఆగకూడదు. అతను దిగాక ఇనుమంతా ఒప్పందంలో అతనిదే అయిపోతుంది. ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉండగా, అట్టపెట్టెలు కట్టుకుంటున్న రోజుల్లో వెళ్ళి అడగాలి. అప్పుడైతే ఆ కుండీలో ఏ మొక్క ఉండేదో, ఎవరు నీళ్ళు పోసేవారో కూడా చెప్పి ఇస్తారు.