ధాతువుల లెక్కలో శరీరం

బౌద్ధ ధ్యాన పద్ధతుల్లో ధాతు మనసికారం ఒకటి. ‘నా శరీరం’ అనుకునేదాన్ని పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు ధాతువులుగా విడదీసి చూడడమే ఇందులో సాధన. పంచభూతాల లెక్కకు అలవాటుపడినవాళ్లకు ఆకాశం ఏమైందన్న సందేహం రావచ్చు. థేరవాద బౌద్ధుల సిద్ధాంత గ్రంథాలైన అభిధమ్మం ఆకాశాన్ని మహాభూతాల్లో చేర్చదు, రూపాల మధ్య ఉండే ఖాళీగానే గుర్తిస్తుంది. సతిపట్ఠాన సుత్తం ఈ సాధనను కసాయి పనితో పోలుస్తుంది. ఆవును కోసి, నాలుగు దారుల కూడలిలో ముక్కలు పెట్టుకుని కూర్చున్నవాడికి ఇక ఆవు అన్న తలంపు ఉండదు. అతను అమ్మేదీ జనం కొనేదీ మాంసమే.

క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురం మహావిహారంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గం ఈ విభజనను 42 అంశాలుగా విప్పి చెబుతుంది. వెంట్రుకలు, గోళ్లు, పళ్లు, ఎముకలు, మెదడు వంటి 20 పృథివి కిందికి వస్తాయి. నెత్తురు, చెమట, కన్నీళ్లు, ఉమ్మి వంటి 12 జలం కిందికి వస్తాయి. ఒంటిని వెచ్చబెట్టేది, ముసలితనం తెచ్చేది, జ్వరంలో కాల్చేది, తిన్నదాన్ని అరిగించేది – ఈ 4 తేజస్సు. పైకి ఎగదన్నేది, కిందికి దిగేది, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు మొదలైన 6 వాయువు.

లెక్క అప్పజెప్పినంత మాత్రాన సాధన అయిపోదు. మయన్మార్‌లోని పా ఆక్ ధ్యాన సంప్రదాయం ధాతువులను 12 లక్షణాలుగా ఒంటి మీదే పట్టుకోమంటుంది. ఊపిరి ఆడేటప్పుడు నడినెత్తిన తెలిసే తోపుడు వాయువు. పళ్లు గట్టిగా కరిచిపెడితే తెలిసే గట్టిదనం పృథివి. నాలుకతో కింది పెదవి లోపల నొక్కితే తగిలే మెత్తదనం కూడా పృథివే. ముక్కులోకి వెళ్లే గాలి చల్లదనం తేజస్సు కిందికి వస్తుంది, ఎందుకంటే వేడి, చలి రెండూ ఒకే ధాతువు తరతమాలు. జలం మాత్రం అంత సులువుగా దొరకదు. నీళ్లలో చెయ్యి పెడితే చర్మానికి తగిలేవి మెత్తదనం, చల్లదనం, ఒత్తిడి. అవి పృథివి, తేజస్సు, వాయువుల లక్షణాలు. అన్నిటినీ విడిపోకుండా పట్టి ఉంచే జలధాతువును మనసు గ్రహించాల్సిందే తప్ప స్పర్శ అందుకోలేదని అభిధమ్మం చెబుతుంది.

ఇక్కడే ఇంద్రియాల ప్రస్తావన వస్తుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరంతో పాటు మనసును కూడా బౌద్ధం ఆరో ఇంద్రియంగా లెక్కిస్తుంది. వాటి విషయాలు ఆరు కలిపితే 12 ఆయతనాలు, చూడడం, వినడం వంటి ఆరు విజ్ఞానాలు (ఎరుకలు) కూడా కలిపితే 18 ధాతువులు. ఇంద్రియం, విషయం, విజ్ఞానం మూడూ కలిసినప్పుడు స్పర్శ, దాని నుంచి వేదన, వేదన నుంచి తృష్ణ. ధ్యానంలో కూర్చున్న కాసేపటికి మోకాలు సలుపుతుంది. నిదానించి చూస్తే అక్కడ వేడి ఉంది, బిగువు ఉంది, బాధగా తోచే వేదన ఉంది, ఆ బాధ పోవాలన్న ఆరాటం ఉంది. ‘నా నొప్పి’ అన్న మాట ఈ నాలుగిటిలో దేనికీ విడిగా అతకదు.

శూన్యం అన్న భావన తొలి సుత్తాల్లో ఈ పరిశీలనకు ఆనుకునే కనిపిస్తుంది. లోకం శూన్యమని ఎందుకంటారని శిష్యుడు ఆనందుడు అడిగితే, అది ఆత్మ లేనిది, ఆత్మకు చెందినదంటూ ఏదీ లేనిది కాబట్టి అని బుద్ధుడు చెబుతూ కన్ను, రూపం, చక్షుర్విజ్ఞానం అంటూ వరుసగా ఇంద్రియాలనే ఎత్తి చూపుతాడు. చూళసుఞ్ఞత సుత్తంలో ఉదాహరణ శ్రావస్తిలోని పూర్వారామ ప్రాసాదం. అందులో ఏనుగులు, ఆవులు, గుర్రాలు లేవు గనుక వాటి వరకు అది శూన్యం. భిక్షు సంఘం ఉంది గనుక ఆ వరకు శూన్యం కాదు. లేనిదాన్ని లేనిదిగా, మిగిలినదాన్ని మిగిలినట్టుగా తెలుసుకోవడమే ఆ సుత్తం నేర్పే పద్ధతి.

అయితే విడదీయగా మిగిలిన ధాతువుల సంగతేమిటి? వాటికి తమదైన స్వభావం ఉందని సర్వాస్తివాద బౌద్ధ శాఖవారు వాదించారు. శాతవాహన రాజులతోను, శ్రీపర్వతంతోను సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు దాన్ని ఒప్పుకోలేదు. 27 ప్రకరణాల మూలమధ్యమకకారికలో 3వది ఇంద్రియాలను, 5వది ధాతువులను పరీక్షిస్తుంది. తనను తాను చూసుకోలేని కన్ను ఇతర వస్తువులను ఎలా చూస్తుందని 3వ ప్రకరణంలో అడుగుతాడు. 5వ ప్రకరణంలో ఆకాశాన్ని ఉదాహరణగా తీసుకుని, లక్షణానికి ముందే లక్ష్యం ఉండదని, లక్ష్యం లేకుండా లక్షణం నిలవదని చూపిస్తాడు. గట్టిదనాన్ని పక్కన పెడితే పృథివి అంటూ వేరే ఏదీ దొరకదు. అలాగని అంతా అబద్ధమని ఆయన అనలేదు. హేతు ప్రత్యయాల మీద ఆధారపడి పుట్టేదాన్నే శూన్యమంటున్నానని 24వ ప్రకరణంలో స్పష్టం చేశాడు. వేడి ఉన్నట్టు తెలియాలంటే తగిలే వస్తువు, తగిలించుకునే చర్మం, తెలుసుకునే విజ్ఞానం మూడూ కావాలి. ఏ ఒక్కటి లేకున్నా మిగతా రెండూ ఆ పని చేయలేవు.

సాధకుడికి దీనితో ఒక జాగ్రత్త కూడా అందుతుంది. అన్ని దృష్టుల నుంచీ విడిపించడానికి చెప్పిన శూన్యతనే ఒక దృష్టిగా పట్టుకున్నవాళ్లు బాగుపడరని 13వ ప్రకరణం చివర నాగార్జునుడు హెచ్చరించాడు. శరీరాన్ని విడదీసి చూడమన్నది ‘నేను’ అన్న పట్టు వదలడానికే. ఆ పట్టు ధాతువుల మీదికో శూన్యత మీదికో మారితే సాధన సగంలో ఆగినట్టే.