గది వేడి, గోడలో కరెంటు

గేమింగ్ కంప్యూటర్ బిగించి పెట్టమని ఎవరైనా వస్తే నేను ముందు బడ్జెట్ అడగను. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ గది ఎంత కాగుతుంది, ఏసీ ఉందా, ఫ్యానుతోనే నెట్టుకొస్తున్నారా, త్రీ పిన్ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందా అని అడుగుతాను. ప్రాసెసర్ల గురించి రాత్రింబవళ్లు చదివి వచ్చిన కుర్రాళ్లకు ఈ ప్రశ్నలు వింతగా తోస్తాయి. కానీ చుట్టాలకూ స్నేహితుల పిల్లలకూ ఏళ్ల తరబడి ఈ పని చేసిపెడుతున్న నాకు ఒక నమ్మకం గట్టిపడింది. ఏ ఇంట్లో ఉండబోతోందో ఆ ఇంటి వేడికీ, ఆ ఇంటి కరెంటుకూ తగ్గట్టు కట్టిన యంత్రమే పదేళ్లు నిలుస్తుంది.

ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగితే అన్ని వాట్లూ వేడిగానే బయటికి వస్తాయి. వేరే దారి లేదు. రైజెన్ 7000 వరుసలో కోర్లు ఉండే సిలికాన్ ముక్క 70 చదరపు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత చిన్న చోట పుట్టిన వేడిని కూలర్ లాగి, రెక్కల మీదుగా గాలిలోకి వదులుతుంది. కూలర్ చేసేది అంతే, వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం. మట్టికుండలో నీళ్లు గాలి కంటే చల్లబడతాయి, పైనుంచి కొంత నీరు ఆవిరై పోతుంది కాబట్టి. కూలర్ నుంచి అలా ఆవిరై బయటికి పోయేది ఏమీ లేదు. అందుకే ఎంత ఖరీదైన కూలరైనా, గాలితో పనిచేసేదైనా నీళ్ల గొట్టాలదైనా, ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది వేడి మీద ఎన్ని డిగ్రీలు పెరగాలో అన్ని డిగ్రీలు పెరిగి తీరుతుంది.

ఇక్కడే లెక్క తప్పుతుంది. విదేశాల్లో కూలర్లను పరీక్షించేవాళ్ల గది సాధారణంగా 21, 22 డిగ్రీల్లో ఉంటుంది. అక్కడ ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపిందంటే గది మీద 53 డిగ్రీలు పెరిగిందని అర్థం. అదే కూలర్‌ను, అదే ప్రాసెసర్‌తో విజయవాడలో మేడ మీది గదిలో పెట్టండి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో స్లాబు కింద గది 38 దాటడం మామూలే. 38కి 53 కలిపితే 91. మూసిన కేబినెట్‌లో గాలి ఇంకా నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. రైజెన్ 7000 వరుసలో చాలా ప్రాసెసర్లు 95 డిగ్రీల దగ్గరా, ఇంటెల్ కోర్ ఐ9లు 100 దగ్గరా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. యంత్రం కాలిపోదు, కానీ ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు బొమ్మ తడబడుతుంది. కొన్నవాళ్లు గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానపడతారు.

అసలు ఇంత వేడి ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసేకొద్దీ వాటికి కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతుందనీ, అందువల్ల అంతే జాగాలో ఎన్ని ఎక్కువ పట్టించినా వేడి పెరగదనీ ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1974లో చూపించాడు. పరిశ్రమ మూడు దశాబ్దాలు ఆ దారినే నడిచింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, ఆపినా కరెంటు కారడం మొదలైంది. వోల్టేజీ దిగనని మొరాయించింది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియమ్ 4 ఎంత వేడెక్కేదో అప్పట్లో వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాని తర్వాత రావాల్సిన టెజాస్‌ను ఇంటెల్ అదే ఏడాది మానుకుంది. అప్పటినుంచే ఒక్క కోర్‌ను ఉరికించడం మాని, కోర్ల సంఖ్య పెంచడం మొదలైంది.

ఇప్పుడు మళ్లీ పోటీ ముదిరి, చివరి ఐదారు శాతం వేగం కోసం వోల్టేజీని ఎడాపెడా పెంచుతున్నారు. కోర్ ఐ9 14900కే పెట్టె మీద 125 వాట్లని ఉంటుంది. పూర్తి జోరులో ఇంటెల్ చెప్పిన గరిష్ఠమే 253. దానికి తోడు చాలా మదర్‌బోర్డు కంపెనీలు ఆ పరిమితిని కూడా ఎత్తేసి అమ్మాయి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని నిలకడ తప్పి, ఆటల మధ్యలో ఆగిపోయిన వ్యవహారం 2024లో పెద్ద గొడవైంది. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజీ అడగడమే కారణమని ఇంటెల్ ఒప్పుకుని, మైక్రోకోడ్ మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఇప్పటికీ బయోస్ అప్‌డేట్ చేయకపోతే ఈ ఆదివారమే చేయండి.

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. ప్రాసెసర్ తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వోల్టేజీని పది శాతం తగ్గిస్తే, వేగం అంతే ఉన్నా, ఆ ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. బయోస్‌లోకి వెళ్లి వోల్టేజీనీ, వాట్ల పరిమితినీ కొంచెం కొంచెం దించుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, గంటసేపు భారం పెట్టి చూసి, మళ్లీ దించడం ఓపిక కోరే పని. రైజెన్ 9 7950ఎక్స్ మామూలుగా 230 వాట్ల దాకా తీసుకుంటుంది; 105 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే 142 దగ్గర ఆగుతుంది. ఆటల్లో తేడా కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ఆటలు అన్ని కోర్లనూ ఒకేసారి చెమటోడ్పించవు. ఫ్యాన్ల హోరు తగ్గి, గదిలో మాట వినపడుతుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ లాభాన్ని వదులుకుని, పెద్ద కూలర్ కోసం వేలు పోసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఏసీ గదిలో ఉన్నా వేడి ఎక్కడికో మాయమైపోదు. ఒక టన్ను ఏసీ మోయగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. 500 వాట్లు మింగే కంప్యూటర్ అందులో ఏడో వంతును తానొక్కటే తీసేసుకుంటుంది. ఇంకొకటి, మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ చేయించేటప్పుడు వడ్రంగి తప్పకుండా పెట్టే సీపీయూ అర. మూడు పక్కలా ప్లైవుడ్, ముందు తలుపు. విడిచిన వేడిగాలినే మళ్లీ పీల్చుకునేలా యంత్రాన్ని అందులో బంధించడం నాకు అస్సలు నచ్చదు. టేబుల్ పైనో, పక్కన చిన్న పీట మీదో పెట్టండి. గోడకూ వెనక ఫ్యానుకూ మధ్య జానెడు ఖాళీ వదలండి.

ఇక ఎస్‌ఎంపీఎస్. మన దుకాణాల్లో పవర్ సప్లైకి ఇదే పేరు. మొన్న గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

“మామయ్యా, లిస్టు పంపాను, చూశావా? అన్నిటికంటే పెద్ద ప్రాసెసరే వేశాను.”

“చూశాన్రా. ఏ ఆటలు ఆడతావు?”

“వాలొరెంట్, జీటీఏ. అప్పుడప్పుడు సైబర్‌పంక్.”

“ఎస్‌ఎంపీఎస్ ఏదీ? లిస్టులో కనపడలేదు.”

“కేబినెట్‌తో వస్తుందంట మామయ్యా. 500 వాట్లదే.”

“దాని పక్కనున్న స్టిక్కర్ ఫొటో తీసి పంపు.”

పంపాడు. పైన పెద్ద అక్షరాలతో 500. కింద గళ్లలో 12 వోల్టుల గీత మీద 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. ఇవాళ్టి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి కాబట్టి, అది నిజానికి 216 వాట్ల వస్తువు. మిగతా అంకె 3.3, 5 వోల్టుల గీతలతో కలిపి నింపింది, వాటితో ఇప్పుడు పెద్దగా పనిలేదు. కొనేముందు ఈ గుణకారం ఒక్కటి చేసుకుంటే చాలా ఇళ్లలో చాలా డబ్బు మిగులుతుంది. చివరికి వాడి లిస్టు మార్చాం. ఐ9 బదులు 65 వాట్ల రైజెన్ 5 7600, 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 అలాగే ఉంచి, మిగిలిన డబ్బులో కొంత పెట్టి 80 ప్లస్ గోల్డ్ ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 300 వాట్లు కూడా మించని యంత్రానికి అంత ఎందుకని వాడు అడిగాడు. ఎస్‌ఎంపీఎస్‌లు సగం భారం దగ్గర బాగా పనిచేస్తాయి. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు తమ మామూలు వాటాను బాగా మించి లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపులను తట్టుకోవాలని ప్రత్యేకంగా అడుగుతుంది. వీటన్నిటికీ మించి మన ఎండ. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ప్రతి పది డిగ్రీల వేడికీ ఆయుష్షులో సగం పోగొట్టుకుంటుంది. భారం తక్కువుంటే వేడీ తక్కువే.

పెద్ద కార్డులు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 2022 అక్టోబర్‌లో 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే దాని కొత్త కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. ఆ కనెక్టర్ గరిష్ఠంగా మోయాల్సిన 600 వాట్లను 12తో భాగిస్తే 50 ఆంపియర్లు. అవి ఆరు సన్నని పిన్నుల గుండా వెళ్లాలి. ఒక పిన్ను సరిగా తగలకపోయినా ఆ కరెంటు మిగతావాటి మీద పడుతుంది. ప్లగ్గు చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి, ప్లగ్గు మొదట్లోనే తీగను వంచకండి.

గోడ అవతలి సంగతి మా మేనల్లుడి ఇంట్లోనే తేలింది. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందన్నాడు. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో మెయిన్స్ నుంచి కేబినెట్‌కు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే అందులో కారే స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మెయిన్స్‌లో సగం వోల్టేజీ దగ్గర వేలాడుతుంది. ఆ జివ్వుమనేది చిన్నదే, కానీ రేపు నిజంగా ఫేజ్ తీగ కేబినెట్‌కు తగిలితే ముందుగా కాపాడేది ఆ ఎర్తే. చెప్పులేసుకుని ఆడుకుంటే సరిపోతుందనే మాట దయచేసి ఎవరూ అనకండి. బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్త్ గుంతలు వేసవిలో ఎండిపోతాయి, వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి. మా అక్క ఇంట్లో గుంత బాగానే ఉంది; సాకెట్ దాకా ఆకుపచ్చ తీగే లాగలేదు.

కరెంటు పోతే ఎలా అని అందరూ అడుగుతారు. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం కరెంటు ఆగాక ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవాల్సింది భారాన్ని బట్టి 12 నుంచి 17 మిల్లీసెకన్లు, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి చుట్టు కూడా కాదు. ఇంటి ఇన్వర్టర్ మీదే ఆధారపడితే, అంతలోపు బ్యాటరీకి మారేలా దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కొత్తది కొంటే సైన్ వేవ్‌దే కొనండి. స్క్వేర్ వేవ్‌తో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నిసార్లు పేచీ పెడతాయి. లో వోల్టేజీకి మాత్రం భయపడక్కర్లేదు. 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు స్టెబిలైజర్ అవసరం లేదు. వెనక ఎర్ర స్విచ్చున్న పాతరకం వాటికే ఆ బాధ.

ఏటా శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందే నా యంత్రాన్ని విప్పుతాను. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపాలి, లేకపోతే గాలికి హద్దు మీరి తిరిగి బేరింగు పాడవుతుంది. కూలర్ రెక్కల సందుల్లో పట్టిన నూగు, ఎస్‌ఎంపీఎస్ జాలీ, ముందు వల అన్నీ దులుపుతాను. తర్వాత అరగంట ఒకే ఆట నడిపి, గది వేడినీ ప్రాసెసర్ వేడినీ పక్కపక్కన ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి, కేబినెట్ పక్క రేకు లోపల అంటిస్తాను. ప్రాసెసర్ అంకె ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు, రెండింటి మధ్య తేడా కావాలి. దుమ్మంతా దులిపాక కూడా ఆ తేడా నిరుటి కంటే ఎనిమిది, పది డిగ్రీలు ఎక్కువుందంటే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. అప్పుడు కూలర్ ఊడదీసి, పాతది తుడిచి, కొత్తది రాయాల్సిందే.