రెండు చక్రాల మధ్య పేచీ

వానరోజు సరుకు దించేసిన ఖాళీ పికప్ మార్కెట్ యార్డు గేటు దగ్గర ఇరుక్కోవడం చిత్తూరు జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. వెనక చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరుగుతూ, తోయడానికి వచ్చినవాళ్ల లుంగీలకు రంగు పూస్తుంటుంది. రెండోది గట్టి నేలమీద ఉండి కూడా కదలదు. డ్రైవరు ఎంత తొక్కితే బురదలోది అంత జోరుగా తిరుగుతుంది. ఇంజనులో లోపం లేదు, టైర్లో లోపం లేదు. మధ్యలో కూర్చున్న డిఫరెన్షియల్ తనకు అప్పజెప్పిన పనే చేస్తోంది.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెంటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి నేలను గీరుకుంటూ పోవాల్సిందే. 1820ల్లో పెకూర్ అనే ఫ్రెంచివాడు ఆవిరి బండి కోసం ఈ చిక్కు విప్పాడు. విప్పిన తీరులోనే ఇంకో మెలిక పడింది. బలమంతా జారే చక్రానికే పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్కే ఇస్తుంది. బురదలో ఉన్న చక్రం తిరగడానికి పిసరంత టార్కు చాలు, కాబట్టి గట్టి నేలమీద ఉన్నదానికీ ఆ పిసరే దక్కుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి చతికిలబడితే రెండోది ఎంత బలమైనదైనా బండి నడవనట్టే.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు, పుత్తూరు పిల్లోడు. ఉద్యోగం కుదురుకోగానే అందరూ ఇల్లు కొంటావనుకుంటే, వాడు పాత మాజ్డా మియాటా కొన్నాడు. రెండు సీట్లు, పైకప్పు మడిచేయొచ్చు, ఇంజను ముందు, తోలేది వెనక చక్రాలు. 1989లో బయటికొచ్చిన ఈ బండి ప్రపంచంలో సామాన్యుడి స్పోర్ట్స్ కారుగా పేరు తెచ్చుకుంది. మొదటి ఏళ్ల 1.6 లీటర్ల బండ్లలో వెనక డిఫరెన్షియల్ చిన్నది, దాని క్రౌన్, అంటే లోపలి పెద్ద పళ్లచక్రం, వ్యాసం 6 అంగుళాలు. 1994 మోడల్‌కు 1.8 ఇంజను వచ్చినప్పుడు 7 అంగుళాల క్రౌన్ పెట్టారు, కావాలన్నవాళ్లకు టార్సెన్ అనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారుతున్నా రెండోదానికి ఎక్కువ టార్కు అందించేది, ఇచ్చారు. పాత బండి ఉన్నవాళ్లు ఈ పెద్ద హౌసింగు, దానికి సరిపడే యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు వెతికి తెచ్చి మార్చుకోవడం అక్కడ ఆనవాయితీ. మావాడు అదే పనికి దిగాడు. హౌసింగు ఒక చోట దొరికింది, టార్సెన్ ఇంకో చోట. అంటే రెంటినీ కలిపి సెట్టింగ్ చేసుకోవాలి.

సామాను కొనడం డబ్బుతో అయ్యే పని. సెట్టింగ్ అలా కాదు. స్పోర్ట్స్ కార్ల మోజున్న కుర్రాళ్లు ఏ కంపెనీ పార్టు గొప్పదని గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, దాన్ని బిగించే చేతి గురించి అడగరు. తిరుపతి, చిత్తూరు లారీ షెడ్లలో హౌసింగు పని మాత్రమే చేసే మేస్త్రీలున్నారు. స్పోర్ట్స్ కారును వాళ్లు ముట్టుకుని ఉండరు. చెన్నై, బెంగళూరు మధ్య తిరిగే లారీలు మొగిలి ఘాట్‌లో ఊళ పెట్టుకుంటూ వచ్చి వీళ్ల ముందు ఆగుతాయి. ఊళ విని, తొక్కినప్పుడు వస్తోందా, కాలు తీసినప్పుడు వస్తోందా అని ఒక్క మాట అడిగి, పళ్లకు ఏ వైపు ఒరిపిడి ఉందో విప్పకముందే చెప్పేస్తారు.

అలాంటి ఒక మేస్త్రి పని చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. క్రౌన్ పళ్లు నాలుగైదింటికి కుంచెతో పల్చగా రంగు పూస్తాడు. క్రౌన్‌కు ఒక చెక్కముక్క ఆనించి బరువు పెట్టి, దాన్ని నడిపే చిన్న పళ్లచక్రం పినియన్‌ను చేత్తో తిప్పుతాడు. రంగు చెరిగిన చోట మచ్చ పడుతుంది. ఆ మచ్చ పన్ను మధ్యలో, కాస్త లోపలి కొసవైపు ఉంటే సరే. లోపలి కొసకు మరీ పోతే క్రౌన్ దగ్గరైపోయిందని, బయటి కొసకు పోతే దూరమైందని లెక్క. పన్ను పైఅంచునో అడుగునో పడితే తప్పు పినియన్‌ది, అప్పుడు దాని కింది షిమ్ములు, అంటే పల్చటి రేకులు, మార్చాలి. పళ్ల మధ్య ఉండాల్సిన ప్లే కార్లలో మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు వంతులు. పినియన్ బేరింగులు ఎంత బిగువుగా ఉన్నాయో చూడ్డానికి ఆయన ఫ్లాంజికి దారం చుట్టి, చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగుతాడు. పాత సామాన్లవాళ్లు పేపర్లు తూచే త్రాసే. ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి నట్టును ఇంకో వెంట్రుకవాసి బిగిస్తాడు.

ఈయన్నే మా మేనల్లుడికి వీడియో కాల్‌లో చూపించాను. అక్కడ రాత్రి, ఇక్కడ షెడ్డు తెరిచే వేళ. వాడు ఫోను క్రౌన్ మీదికి వంచాడు.

"ఇంకొంచెం దగ్గరికి తీసుకురా నాయినా. ఆ… లోపలి కొసన ఉండాది మచ్చ. ప్లే చాల్లేదు."

"మేస్త్రీ, మీటర్ పెట్టి చూసినానే, మాన్యువల్లో చెప్పిన నంబరే వచ్చింది."

"ఒక పన్ను కాడ చూసినావు. చుట్టూతా నాలుగు చోట్ల చూడు."

చూస్తే నాలుగు చోట్లా నాలుగు రీడింగులు. క్రౌన్ బోల్టులు బిగించిన చోట చిన్న గరుకు ఉండిపోయి, పళ్లెం ఒక పక్కకు ఒరిగింది. విప్పి, తుడిచి, సాఫు చేసి మళ్లీ బిగించాక మచ్చ దారికొచ్చింది.

లిమిటెడ్ స్లిప్‌లో రకాలున్నాయి, ఏ దారికి ఏది అన్నదే అసలు ప్రశ్న. దీని పుట్టుక రేసుల్లోనే. 1930ల్లో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ కోసం తయారుచేసిన రేసు కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఒక వెనక చక్రాన్ని జార్చేసేది. 1935లో ఆయన జడ్‌ఎఫ్ కంపెనీకి ఈ పని అప్పజెప్పాడు. ఇప్పుడు రేసులవాళ్లు ఎక్కువగా వాడేది క్లచ్ ప్లేట్ల రకం. ముందే కొంత బిగింపుతో ఉంటుంది, ఒక చక్రం గాల్లో లేచినా రెండోదానికి ఎంతో కొంత బలం అందుతుంది. కానీ ప్లేట్లు అరుగుతాయి, ప్రత్యేకమైన నూనె కావాలి, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వెనక నుంచి కటకట వినిపిస్తుంది. టార్సెన్‌లో ప్లేట్లు ఉండవు, పళ్లచక్రాల మధ్య రాపిడే దాని బలం. జారే చక్రం ఎంత టార్కు పట్టగలదో, రకాన్నిబట్టి దానికి రెండింతలో మూడింతలో రెండోదానికి అందిస్తుంది. రోజూ తిరిగే బండికి నేనైతే దీనికే ఓటేస్తాను.

మనవైపు ఇప్పుడు థార్ కొన్నవాళ్లు, బొలెరో నియోలో పై మోడల్ కొన్నవాళ్లు తమ బండికి లిమిటెడ్ స్లిప్ ఉందని చెప్పుకుంటారు. అది వేరే సరుకు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే టక్కున లాక్ పడుతుంది, బండి వేగం 30 కిలోమీటర్లు దాటితే అసలు పడదు. స్వర్ణముఖి ఇసుకలోంచి, తోపు దారి బురదలోంచి బయటపడేస్తుంది. ఘాట్ మలుపులో వేగంగా బయటికి రావడానికి పెట్టింది కాదు. మలుపులో తేలికపడిన లోపలి చక్రాన్ని జారనివ్వకుండా పట్టి, తొక్కిన బలాన్ని బయటి చక్రానికి మెత్తగా మళ్లించడం స్పోర్ట్స్ కారుకు కావాల్సింది.

అలాంటి కారు మనకు ఉన్నా పరీక్షించేదెక్కడ? 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో మలుపులకు కొదవలేదు. కానీ అది భక్తుల దారి, పైన టైం కొట్టి కింద లెక్క చూస్తారు. చూడాల్సిందే. సరదా పడేవాళ్లకు శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది, తిరుపతి నుంచి ఒక పూట ప్రయాణం. ఇంకో సంగతి: కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. వెనక ఇరుసు లోపల ఏం పెట్టామో బయటికి కనపడదు కదా అనుకుంటే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్‌వాళ్లు అడగరన్న నమ్మకం లేదు. చినపాండూరులో టైర్ల ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం మనది. అరిగిన టైర్లతో తిరుగుతూ డిఫరెన్షియల్ మార్పిస్తాననేవాడికి నేనిచ్చే సలహా, ముందు టైర్లు మార్చుకోమని.

మావాడి బండి రోడ్డెక్కింది. మలుపులో తొక్కితే తోక బెదరకుండా ముందుకు నెడుతోందని ఒకటే సంబరం. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. పార్కింగ్ గట్టు మీదికి ఏటవాలుగా ఎక్కిస్తే ఒక వెనక చక్రం గాల్లో లేచి ఉత్తగా తిరుగుతోంది, బండి కదలడంలేదు, టార్సెన్ పోయినట్టుంది మామా అన్నాడు. పోలేదు. గాల్లో ఉన్న చక్రం పట్టే టార్కు సున్నా, సున్నాకు మూడింతలు సున్నానే. ఈ మాట ఎలా చెప్పాలా అని నేను చూస్తుంటే మేస్త్రి ఫోను లాక్కున్నాడు. ట్రాక్టరుకు కుడి చక్రానికో బ్రేకు, ఎడమ చక్రానికో బ్రేకు. మామిడికాయల లోడుతో తోపులోంచి వచ్చే ట్రాక్టరు డ్రైవర్లు తిరిగే చక్రం వైపు బ్రేకు మాత్రం తొక్కి బయటపడతారు. ఆయనకు తెలిసిన టార్సెన్ అంతే.

"హ్యాండ్‌బ్రేకు రెండు పళ్లు లాగి, అట్లే పట్టుకోని, నిదానంగా ఎక్సలేటర్ ఇయ్యి నాయినా."

ఫోన్లో ముందు ఇంజను మోత, ఆ తర్వాత టైర్లు గట్టు దిగిన చప్పుడు వినిపించాయి.

"వచ్చేసింది మేస్త్రీ!"

"వస్తాది. ఇంగ నూనె మార్చు. కొత్తగా బిగించింది గదా, రజను ఉంటాది."