మంద్రనాదమునకు ఇంటిలో తావు

జంషెడ్‌పూరు నుండి ఖర్కాయి నదిని దాటి సరాయికేలాకు పోయి, చైత్రపర్వ దినములలో అచటి ఛౌ నాట్యమును చూచిన రసికుని మనసున, ముఖతొడుగు ధరించిన నర్తకుని అడుగుల సౌకుమార్యమెంత నిలుచునో, ఆ అడుగుల కాధారమై మ్రోగు నగారా గాంభీర్యమును అంతగానే నిలుచును. 2010లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది ఈ నాట్యమునే. చుట్టుపట్ల పల్లెలలో దీనికి తోడుగా ధమ్సా యను మహావాద్యము కలదు. పెద్ద గిన్నె వంటి దేహముపై తోలు బిగించి, రెండు లావుపాటి కర్రలతో దానిని వాయింతురు. అది మ్రోగునది ఆరుబయట. అక్కడ గోడ లేదు, కప్పు లేదు, దెబ్బ పడినంతనే నాదము పుట్టి, వినువాని రొమ్మును తాకి, తన దారిన తాను పోవును, మరలి రాదు. తరువాతి దెబ్బ నిర్మలమైన నిశ్శబ్దముపై పడును. ఇంటిలో హోమ్ థియేటర్ నెలకొల్పుకొని దానికి మంద్రనాదమును పలికించు సబ్‌ఊఫర్ పెట్టెనొకదానిని అమర్చదలచినవాడు తన చెవికి ప్రమాణముగా గ్రహింపవలసినది ఈ నాదమునే గాని, దుకాణములో కొనుగోలుదారుని అదరగొట్టుటకై వినిపించు హోరును కాదు.

జంషెడ్‌పూరు తెలుగువారికి మంద్రస్థాయి క్రొత్తది కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, సాక్చి పల్లె 1919లో జంషెడ్‌పూరను పేరు దాల్చిన నాటి యుగము మొదలుకొని శ్రీకాకుళ విశాఖ ప్రాంతముల నుండి పనికై వచ్చి స్థిరపడినవారు, బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామ మందిరమును నిలుపుకొన్నవారు, తమతో భాషను మాత్రమే గాక తాళమును గూడ తెచ్చుకొన్నారు. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమమూతయైన తొప్పికి రవ్వముద్ద మెత్తి, వ్రేలితో తట్టి విని, చిటికెడు చేర్చి, చిటికెడు గిల్లి తీసి, శ్రుతికి మంద్రమును ఒదిగించుచుండుటను చూచినవారికి, తోలు బరువెక్కిన కొలది స్పందనము మందగించి నాదము దిగునను సూత్రము చెప్పకయే బోధపడును. బాల్యమున విశాఖపట్టణములో చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామన్, కలకత్తాలో పరిశోధన సాగించుచున్న కాలమున, మన మద్దెలల కుడిమూతపై నుండు నల్లని పూత తోలుయొక్క అనుస్వరములను శ్రుతిబద్ధము చేయు విధమును 1920లో నేచర్ పత్రికలో ప్రకటించెను. మంద్రమును పుట్టించుట సులభము. దానిని హద్దులో నిలుపుటయే విద్య. ఆ విద్య తొప్పికెంత వర్తించునో, విద్యుత్తుతో మ్రోగు పెట్టెకును అంతే వర్తించును.

సబ్‌ఊఫర్ పలుకవలసిన నాదములు సెకనుకు 20 మొదలు 80 స్పందనముల దాకా ఉండునవి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 40 స్పందనముల నాదమునకు ఒక్క తరంగము నిడివి ఎనిమిదిన్నర మీటర్లకు పైబడి యుండును. మన కంపెనీ క్వార్టరులోని ముందుగది పదునాలుగడుగుల పొడవున్నదనుకొందము. ఆ తరంగములో సరిగా సగము గది పొడవున ఇముడును. ఇమిడిన తరంగము గట్టి ఇటుకగోడల నడుమ ముందుకును వెనుకకును కొట్టుకొని నిలిచిపోవును. అప్పుడు గోడల దగ్గర ఆ స్వరము మిక్కుటమగును, గది నడుమ దాదాపు మాయమగును. సోఫాను వెనుక గోడకానించి కూర్చున్న గృహస్థునకు ఒకే స్వరము బొంయిమని మ్రోగుచుండగా, నడుమ కుర్చీలోనున్న అతిథికి అదే పాట చప్పగా వినబడుట ఇందువలననే. వేలు పోసి పెద్ద పెట్టె కొన్నను ఈ దోషము తీరదు, పెరుగును. పొడవును వెడల్పును సమానమైన చదరపు గది మరింత కష్టమైనది. రెండు దిక్కుల దోషములును ఒకే స్వరముపై పోగుపడును.

కావున పెట్టె ఎంతటిదను ప్రశ్నకు ముందు ఎక్కడను ప్రశ్న రావలెను. అమ్మినవాడు తరచుగా మూలను చూపును; మూలలో మూడు తలములు కలియుటచే నాదము బలపడుట నిజమే, గాని గదిలోని దోషములన్నియు ఒక్కసారిగా మేల్కొనుటయు అక్కడనే. అనుభవజ్ఞులు అవలంబించు ఉపాయమొకటి కలదు. మనము కూర్చుండి వినెడి ఆసనముపైననే పెట్టెను ఉంచి, క్రింది స్వరములలో మెట్టుమెట్టుగా నడచు వాద్యమొకటి గల పాటను మరల మరల మ్రోగించుచు, మనమే గోడల వెంబడి మోకాళ్ళపై ప్రాకుచు, చెవిని నేలకు దగ్గరగా నుంచి వినవలెను. ఏ తావున స్వరములన్నియు సమబలముతో, ఒకటి ఉబ్బక ఒకటి మునుగక వినవచ్చునో, ఆ తావు పెట్టెది. పుట్టుచోటును వినుచోటును పరస్పరము మార్చినను ధ్వనిసంబంధము మారదను భౌతికధర్మముపై ఈ ఉపాయము నిలిచియున్నది. పిల్లలు నవ్వుదురు గాక. ఇంతకు మించిన పరికరము నేనెరుగను.

తరువాత హద్దును నిర్ణయింపవలెను. ఏ స్వరము దాకా చిన్న స్పీకర్లు పాడవలెను, ఏ స్వరము నుండి క్రిందికి సబ్‌ఊఫర్ అందుకొనవలెను అను ఈ విభాగమును క్రాస్‌ఓవర్ అందురు. 80 స్పందనముల చెంత దీనిని నిలుపుట వాడుక. అంతకు చాల పైకి జరిపినచో చెవి నాదము వచ్చు దిక్కును పసిగట్టి, పెట్టె ఉన్న తావును వేలెత్తి చూపును. ఈ విభాగమును స్పీకర్లను నడపు రిసీవరే చేయుచున్నప్పుడు పెట్టె వెనుకనున్న క్రాస్‌ఓవర్ మరను పైహద్దుదాకా త్రిప్పివేయవలెను. లేనిచో ఒకే నాదము రెండు జల్లెడలలో పడి నడుమ గండి యేర్పడును. పెట్టెపైనున్న ఫేజ్ మీటను రెండు వైపులకును మార్చి విని, ఆసనమున మంద్రము నిండుగా తోచిన వైపున విడువవలెను.

బలము సంగతి చివరిది, సున్నితమైనది. క్రింది స్వరముల యెడ మన చెవి మందమనియు, ధ్వని తగ్గించిన కొలది అవియే ముందుగా జారిపోవుననియు ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో కొలిచి చూపిరి. అందుచేత ఏ స్థాయిలో నిత్యము విందుమో ఆ స్థాయిలోనే పెట్టె బలపు మరను సరిచేసికొనవలెను. పరీక్షకు నేను వాడునది యుద్ధదృశ్యము గాదు, పురుషుడు చదువుచున్న వార్తలు. ఆ కంఠము కుండలో నుండి వచ్చినట్లు వినబడినచో మంద్రము మితిమీరినది, అప్పుడు తగ్గింపవలెను. వార్తలు సహజముగా వినవచ్చి, వెంటనే పెట్టిన మృదంగము తొప్పి నిండుగా పలికెనా, అమరిక కుదిరినది. ఇనుప బీరువా తలుపును, కిటికీ అద్దమును అదరకుండ బిగించుట మరువరాదు.

ఈ ఊరిలో మరొక ధర్మము కలదు. కర్మాగారము మూడు షిఫ్టులలో నడచును. రాత్రి పని ముగించుకొని వచ్చినవాడు పగలు నిద్రించును. నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు హద్దు విధించినవి గాని, ఆ కొలత చెవి తీరు ననుసరించునది గనుక, 40 స్పందనముల నాదమును ముప్పదినాలుగు డెసిబెళ్ళకు పైగా తగ్గించి లెక్కించును. గోడను సులభముగా దాటునది ఆ నాదమే. పెట్టె క్రింద రబ్బరు దిమ్మలు వేసినచో నేల అదురు కొంత తగ్గునే గాని, గాలిలో పోవునది ఆగదు. కనుక అమరిక ముగిసిన దినముననే పొరుగింటి తలుపు తట్టి, పాట పెట్టి, వారి పడకగదిలో మనమే నిలిచి వినవలెను. ఆ వారము వారు ఏ షిఫ్టులో నున్నారో అడిగి తెలిసికొని, దానినిబట్టి వినువేళలను నిర్ణయించుకొనవలెను.